బాగున్నాడని మందు ఆపకండి

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా చింతలపూడిలో మన యువతీ యువకులతో జరిగిన సమావేశంలో, పదవీ విరమణ చేసిన ఒక ల్యాబ్ టెక్నీషియన్ చేసిన ప్రసంగ పాఠం)

 

డప్పులు, కొమ్ము నృత్యం అయ్యాక ఇలా ఉపన్యాసం అంటే ఎవరికైనా విసుగే. నాకు తెలుసు. మీ వయసులో నేను వెనక వరుసలో కూర్చుని మెల్లగా జారుకునేవాణ్ణి. అందుకని నేను పెద్ద పెద్ద మాటలు చెప్పను. ఒక మందు కథ చెబుతాను. ఆ మందు తయారవడానికి కారణమైన మనిషి మనకు దూరపువాడేమీ కాదు. ఇక్కణ్ణుంచి ఏలూరు వెళ్లి, కొల్లేరు పక్కనుంచి ఆకివీడు, ఉండి దాటితే భీమవరం. ఆయన పుట్టింది అక్కడే. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన చనిపోయింది కూడా ఈ ఆగస్టు నెలలోనే, 1948లో.

ముందు నా సంగతి చెప్పాలి. నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్లకు పైగా ఏజెన్సీ మండలాల్లోని ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. నా పని ఏమిటంటే మలేరియా స్లైడ్లు చూడటం. వానాకాలం వస్తే రోజుకు ఎన్ని స్లైడ్లు వచ్చేవో లెక్క ఉండేది కాదు. వేలి మీద సూదితో పొడిచి, చుక్క రక్తం గాజు పలక మీద పూసి, ఆరబెట్టి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి మలేరియా పురుగు ఉందా లేదా అని చూడాలి. కళ్లు లాగేవి, మెడ పట్టేసేది.

అలా చూస్తుండగా ఒకరోజు ఒక పాప స్లైడు వచ్చింది. ఎనిమిదేళ్ల పాప. మందంగా పూసిన చుక్కలో ఎర్రకణాలు రంగు వేసేటప్పుడే కరిగిపోతాయి, తెల్లకణాలు మిగులుతాయి. మామూలుగా ఒక చూపుకి పదో పదిహేనో కనిపిస్తాయి. ఆ పాప స్లైడులో ఎటు జరిపినా తెల్లకణాలే. జాతరలో జనం కిక్కిరిసినట్టు ఉన్నాయి. మలేరియా పురుగు మాత్రం లేదు. నేను స్లైడు పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన చూసి, పాప తండ్రిని పిలిచి, "ఇక్కడ ఆగొద్దు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అన్నారు. పెద్దాసుపత్రిలో లుకేమియా అని తేలింది. బ్లడ్ క్యాన్సర్ అని మనం అనేది దాన్నే.

లుకేమియా అంటే ఏమిటో తేలికగా చెబుతాను. మన రక్తం తయారయ్యేది ఎముకల లోపలి మూలుగలో. మూలుగ తెలుసుగా మీకు. మాంసం కూర తినేటప్పుడు ఎముక కొట్టి పీల్చుకునేది. మన ఎముకల్లో కూడా అదే ఉంటుంది. అక్కడ ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పుడతాయి. లుకేమియాలో ఒక రకం తెల్లకణం ఎదగడం మానేసి, పిల్ల కణంగానే ఉండిపోయి, ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరిగిపోతుంది. చేలో కలుపు కమ్మేసినట్టు మూలుగంతా అదే కమ్మేస్తుంది. అప్పుడు ఎర్రకణాలకు చోటు ఉండదు, మనిషి పాలిపోతాడు. ప్లేట్‌లెట్లకు చోటు ఉండదు, చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం కారుతుంది. తెల్లకణాలు ఎన్ని ఉన్నా అవి పనికొచ్చేవి కావు కాబట్టి జ్వరం వదలదు. ఇది అంటుకునే జబ్బు కాదు. ఎవరో చేతబడి చేస్తే వచ్చేదీ కాదు. తల్లి తప్పూ కాదు, పిల్ల తప్పూ కాదు.

ఆ పాపకు వైద్యం మొదలుపెట్టారు. ఎనిమిది నెలలకు ఊరికి వచ్చింది. జుట్టు మళ్లీ మొలుస్తోంది, బుగ్గలు నిండాయి, చింతచెట్టు కింద ఆడుకుంటోంది. తర్వాత ఆసుపత్రికి వెళ్లడం మానేశారని నాకు తెలిసింది. తెలిసినా నేను వెళ్లి అడగలేదు. వాళ్ల ఇంటి విషయం కదా, డాక్టరు చెప్పాలి కానీ నేనెవరిని అనుకున్నాను. మర్నాడు సంక్రాంతి లోపలే జబ్బు తిరగబెట్టింది. ఆ తర్వాత పాప ఎక్కువ కాలం లేదు. ఇన్నేళ్లయినా ఆ చింతచెట్టు పక్కనుంచి వెళ్లాల్సి వస్తే నేను తల దించుకునే వెళతాను. ఇవాళ ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నది ఆ పాప కోసమే.

బాగైన పిల్లకి మళ్లీ జబ్బు ఎందుకు వచ్చింది? దీనికి జవాబు సుబ్బారావు గారి కథలో ఉంది. అక్కడికి వస్తాను.

ఆయన పేరు నేను మొదట విన్నది ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివేటప్పుడు. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి ఒకటి పాఠంలో ఉంది, దాని పేరు ఫిస్కే–సుబ్బారో పద్ధతి. సుబ్బారో అంటే ఏ జపాన్ ఆయనో అనుకున్నాను! మా మాస్టారు నవ్వి, "జపాను కాదురా, మన భీమవరం సుబ్బారావు" అన్నారు. 1925లో, అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన కనిపెట్టిన పద్ధతి అది.

ఆయన పుట్టింది 1895 జనవరి 12న. ఇంట్లో పేదరికం. తండ్రి చిన్నతనంలోనే పోయాడు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యాడు. ఇక్కడ ఇంటర్ తప్పినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త తల ఎత్తి కూర్చోండి. తర్వాత మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. అది స్వాతంత్ర్య పోరాటం నడుస్తున్న కాలం. గాంధీ గారి మాట విని ఆపరేషన్ గదికి ఖద్దరు గౌను వేసుకెళ్లాడు. ఇంగ్లీషు ప్రొఫెసరుకి ఒళ్లు మండింది. ఫలితం, చదివిన చదువుకి ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. ఈలోగా ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆయనకూ ఆ జబ్బు వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో బతికాడు. ఆ స్ప్రూ జబ్బులో మనిషి రక్తం తగ్గిపోయి పాలిపోతాడు. దానికి కారణం ఏమిటో, మందు ఏమిటో తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనకు అక్కడే పుట్టిందంటారు.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఆయన పేదవాడే, కానీ చదువుకున్న ఇంట్లో పుట్టాడు. అమెరికా వెళ్లడానికి మామగారు డబ్బు సాయం చేశారు, కాకినాడ ధర్మసంస్థ ఒకటి సాయం చేసింది. ఆ రోజుల్లో మన గూడేల నుంచి మద్రాసు వైద్య కళాశాల మెట్టెక్కే దారే లేదు. మన తాతలకు తెలివి లేక కాదు, బడి లేక. ఇవాళ ఆ దారి ఉంది. అందుకే ఆయన కథ మనకూ పనికొస్తుంది.

అమెరికాలో కూడా పూలబాట ఏమీ కాదు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల గిన్నెలు శుభ్రం చేసే పని. కండరాల్లో శక్తి ఎలా నిలవ ఉంటుందో, ఎలా ఖర్చవుతుందో చెప్పే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలను ఫిస్కేతో కలిసి 1920లలోనే బయటపెట్టాడు. మీ సైన్సు పుస్తకంలో ఏటీపీ అని చదువుకుంటారే, అదే. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీ పరిశోధన విభాగంలో చేరాడు.

ఇప్పుడు రక్తం సంగతికి వద్దాం. అంతకు కొన్నేళ్ల ముందు, లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడ మిల్లు కార్మికుల ఇళ్లల్లో గర్భిణులు రక్తం లేక పాలిపోయి చనిపోతుంటే, ఎందుకని వెతికింది. ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్లకు రక్తం పట్టింది. అందులో ఏదో ఉంది, అదేమిటో తెలియదు. తర్వాత పాలకూర ఆకుల్లోంచి ఆ పదార్థాన్ని తీసి, లాటిన్‌లో ఆకు అనే మాటను బట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. 1945 నాటికి సుబ్బారావు గారి బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. బడిలో వారానికోసారి నీలం మాత్ర మింగారా? గర్భిణులకు ఏఎన్ఎమ్ అమ్మ ఎర్ర మాత్రలు ఇస్తుంది కదా? ఆ మాత్రల్లో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ యాసిడే.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అని పిల్లల ఆసుపత్రి డాక్టరు ఉండేవాడు. ఆయన పనీ నా పనిలాంటిదే, మైక్రోస్కోపు ముందు కూర్చోవడం. చనిపోయిన పిల్లల కణాలు చూసి చూసి విసిగిపోయాడు. అప్పట్లో లుకేమియా వచ్చిన పిల్లలకు వైద్యమే లేదు. వారాలో, కొద్ది నెలలో, అంతే. ఫోలిక్ యాసిడ్ రక్తం పట్టిస్తుంది కదా అని, ఆ జాతి పదార్థాలు లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా ఎగబడింది. కలుపుకే ఎరువు వేసినట్టయింది.

వేరేవాళ్లయితే అక్కడితో వదిలేసేవాళ్లు. ఫార్బర్ దాన్ని తిరగేసి ఆలోచించాడు. ఇది పెడితే జబ్బు పెరుగుతోందంటే, ఇది అందకుండా చేస్తే జబ్బు ఎండిపోవాలి కదా! దానికి మందు సుబ్బారావు బృందం దగ్గర ఉంది. ఫోలిక్ యాసిడ్‌కు అచ్చం కవల పిల్లలా ఉండే పదార్థాలు వాళ్లు తయారుచేశారు. తాళంలో దొంగ తాళంచెవి పెడితే లోపలికి దూరుతుంది కానీ తిరగదు, అసలు చెవిని రానివ్వదు. ఇదీ అంతే. కణం ఇది ఫోలిక్ యాసిడే అనుకుని పట్టుకుంటుంది, కొత్త కణం పుట్టించలేక ఆగిపోతుంది. ఆ మందు పేరు అమినోప్టెరిన్. 1947 చివర్లో ఫార్బర్ దాన్ని పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. లేవలేని పిల్లలు లేచి నడిచారు. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

కానీ ఆ వ్యాసం పేరులోనే ఒక మాట ఉంది. 'తాత్కాలిక' ఉపశమనం అని. అవును, తాత్కాలికమే. కొన్ని నెలలకు ఆ పిల్లలందరికీ జబ్బు తిరగబెట్టింది. ఆగస్టులో సుబ్బారావు గారు కూడా గుండె ఆగి చనిపోయారు. 53 ఏళ్లు. మళ్లీ ఈ నేల మీద కాలు పెట్టలేదు, భార్యను మళ్లీ చూడలేదు. తన మందు ఎంతమంది పిల్లల్ని నిలబెడుతుందో చూడకుండానే వెళ్లిపోయారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ పాపకు ఏమైందో తెలిసేది ఇక్కడే. మందు పడ్డాక రక్తపరీక్షలో చెడ్డకణాలు కనిపించవు. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. పైన కలుపు కోసేశాం, వేర్లు మట్టిలో ఉన్నాయి. వాన పడితే మళ్లీ మొలుస్తుంది. 1960లలో డాక్టర్లు ఈ సంగతి పట్టుకున్నారు. ఒక మందు చాలదు, మూడు నాలుగు మందులు కలిపి ఇవ్వాలి. కొన్నాళ్లు చాలదు, రెండు మూడేళ్లు ఇవ్వాలి. చెడ్డకణాలు మెదడు పక్కన నక్కి ఉంటాయి, అక్కడికి మామూలు మందు సరిగా చేరదు, కాబట్టి వెన్నులోకి సూదితో మందు ఎక్కించాలి. వెన్నుసూది అనగానే మనవాళ్లు భయపడి పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చేస్తారు. ఆ సూదిలో ఎక్కించే ముఖ్యమైన మందు ఏమిటో తెలుసా? మెథోట్రెక్సేట్. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు. సుబ్బారావు బృందం నుంచి వచ్చిందే. ఇవాళ్టికీ పిల్లల లుకేమియాలో అది లేకుండా వైద్యం లేదు. పెద్ద ఆసుపత్రుల్లో కీళ్లవాతానికి వారానికోసారి ఇచ్చే చిన్న మాత్ర కూడా అదే.

ఒకప్పుడు ఒక్కరూ బతకని జబ్బు. ఇవాళ డబ్బున్న దేశాల్లో పిల్లలకు ఎక్కువగా వచ్చే రకం లుకేమియాలో పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. మన దగ్గర అంతమంది బతకడం లేదు. ఆలస్యంగా వెళ్లడం, ఇన్ఫెక్షన్లు సోకడం, మధ్యలో మానేయడం. ఈ మూడింటిలో మానేయడమన్నది మన చేతుల్లో ఉంది.

పాప పోయిన కొన్నేళ్లకు, ఆరోగ్యశ్రీ వచ్చిన కొత్తలో, ఇంకో ఊళ్లో ఆరేళ్ల బాబుకి అదే జబ్బు. ఏడాది తిరిగేసరికి బాబు ఎగురుతున్నాడు. వాళ్ల నాన్న నాకు సంతలో కనిపించాడు. "బాగానే ఉన్నాడు కదా అన్నా, ఇంక మానిపిద్దామనుకుంటున్నాం" అన్నాడు. నాకు పాప గుర్తొచ్చింది. ఈసారి ఊరుకోలేదు. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను.

నాన్న చెప్పిన లెక్కలు అబద్ధం కావు. వైద్యానికి కార్డు ఉంది, కానీ హైదరాబాదు వెళ్లి రావడానికి చార్జీలు, అక్కడ తిండి, పోయిన కూలీ. జీడిమామిడి కాపు ముందే అమ్మేసుకున్నాడు. ఇంటి దగ్గర చంటిపిల్ల. బాబు నాయనమ్మ అయితే, "బిడ్డ వెన్ను పొడిచి పొడిచి చంపుతున్నారు, నువ్వు కూడా వాళ్ల మాటే చెబుతావా?" అని నా మీద కోపం చేసింది. నేను శాస్త్రం చెప్పలేదు. "అమ్మా, పోడులో పొద కొట్టి వేరు తీయకుండా వదిలేస్తే ఏమవుతుంది?" అని అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకా ఎన్నాళ్లు?" అంది. "ఇంకో ఏడాదిన్నర" అన్నాను. ఆ రాత్రి మేం మాట్లాడుకున్నది అంతకంటే ఎక్కువేం లేదు. ఊరి కుర్రాళ్లు నలుగురు ముందుకొచ్చారు. ఒక్కో నెల ఒక్కొక్కరు తోడు వెళ్లారు. చార్జీలు చందా వేసుకున్నారు. వాళ్ల చేను వాళ్లు లేనప్పుడు చుట్టాలు చూసుకున్నారు.

బాబు వైద్యం పూర్తయింది. ఇప్పుడు పెళ్లీడుకొచ్చాడు, ట్రాక్టరు తోలుతున్నాడు. ఆ బాబు బతకడంలో సుబ్బారావు గారి మందుకి ఎంత వాటా ఉందో, ఆ నలుగురు కుర్రాళ్లకూ అంత వాటా ఉంది. మందు కనిపెట్టడం మనందరి వల్లా కాదు. తోడు వెళ్లడం మీ అందరి వల్లా అవుతుంది.

ఇంకో సంగతి. రక్తం గురించి మాట్లాడుకుంటూ మన గూడేల్లో సికిల్ సెల్ గురించి చెప్పకపోతే తప్పు. ఇది క్యాన్సర్ కాదు. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చేది. ఎర్రకణం గుండ్రంగా ఉండకుండా కొడవలిలా వంగి చిన్న చిన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఒళ్లు విరిచినట్టు నొప్పులు, రక్తహీనత. దీనికి ఇచ్చే హైడ్రాక్సీయూరియా అనే మందు ఎక్కడిదో తెలుసా? లుకేమియాలోనే ఒక రకానికి వాడుతూ వచ్చిన మందు. దాంతో పాటు రోజూ ఇచ్చేది మళ్లీ ఫోలిక్ యాసిడ్ మాత్రే. 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్ష చేసి కార్డు ఇస్తారు. సిగ్గుపడకండి, చేయించుకోండి. భార్యాభర్తలిద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్లికి ముందే తెలిస్తే ఎవరికీ అన్యాయం జరగదు.

చివరగా మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి చెబుతాను. పిల్లలకు రెండు వారాలు దాటినా జ్వరం వదలకపోతే, పాలిపోతుంటే, దెబ్బ తగలకుండానే ఒంటి మీద నీలం మచ్చలు వస్తే, చిగుళ్ల నుంచి రక్తం కారితే, మెడలో బిళ్లలు కడితే, కాళ్లు ఎముకల్లో నొప్పి అని రాత్రిళ్లు ఏడుస్తుంటే ఊళ్లో సూదులు పొడిపించుకుంటూ రోజులు గడపొద్దు. సీబీపీ పరీక్ష చేయమని అడగండి. చిన్న పరీక్ష. చాలాసార్లు అది మామూలు జబ్బే అవుతుంది, సంతోషం. కానీ అడగండి.

రెండోది, మీలో సైన్సు చదివేవాళ్లకు. రక్తం డాక్టరు కావాలంటే ఎం.బి.బి.ఎస్., ఆ తర్వాత ఎం.డి., ఆ పైన హెమటాలజీలో డి.ఎం. చాలా ఏళ్ల చదువు. అయినా 2023 నుంచి ఏలూరులోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. సుబ్బారావు మద్రాసు వెళ్లాల్సి వచ్చింది, మీకు బస్సు దూరమే. అంత చదువు కుదరకపోతే నర్సింగ్ ఉంది, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఉంది. ఆ పాప జబ్బు మొదట కనిపించింది డాక్టరుకి కాదు, రోజంతా స్లైడ్లు చూసే మామూలు ఉద్యోగికి. మన ఊళ్ల భాష, మన ఊళ్ల భయాలు తెలిసినవాడు ఆ బల్ల దగ్గర ఉంటే, స్లైడు చదవడంతో పని ఆగదు. ఇంటికి వెళ్లి నాయనమ్మతో కూడా మాట్లాడగలడు.

నేను మొదటిసారి వెళ్లలేదు. రెండోసారి వెళ్లాను. మీరు మొదటిసారే వెళ్లండి.

 జై ఆదివాసీ.